మోగిన ప్రతిచోటా తవ్వాలి

శ్రీలంక ఉత్తరాన ముహమాలైలో మందుపాతరలు తీసే ఆడవాళ్ల ఫొటో ఒకటి ఈ వారం చూశాను. ముఖానికి పారదర్శకమైన తొడుగు, మోకాళ్ల కింద ఎండకు కాలిన నేల. వాళ్లలో దేశ అంతర్యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవారు చాలామంది. ఆ ఫొటోను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

చెవితో చేసే పనులంటే నాకెంత మక్కువో ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. మద్దెల శ్రుతి చేసేవారి గురించి, చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పే మెకానిక్‌ల గురించి ఎన్నిసార్లు రాశానో! అందుకే నాకు ముందు యూజెఫ్ కొసాట్స్కీ గుర్తొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో స్కాట్లండ్ చేరిన పోలండ్ సైన్యాధికారి. మందుపాతరల జాడను చెవికి వినిపించే డిటెక్టర్ తయారుచేసింది ఆయనే. అందులోని ఒక తీగచుట్టలో కరెంటు అటూఇటూ ఊగుతుంది. రెండో చుట్టను ఏమీ వినిపించని తీరులో అమరుస్తారు. కింద లోహం ఉంటే అందులో సుడులు తిరిగే కరెంటు (ఎడ్డీ ప్రవాహాలు) పుట్టి, ఆ సమతూకం చెదిరి, ఇయర్‌ఫోన్లలో మోత వస్తుంది. 1942లో ఎల్ అలమేన్ ఎడారిలో బ్రిటిష్ సైన్యం ఇలాంటివి 500 వాడింది. ఆయన పేటెంటు తీసుకోలేదు, ఉచితంగా ఇచ్చేశాడు. జర్మన్ల చేతిలో ఉన్న పోలండ్‌లో తన కుటుంబానికి ముప్పు రాకూడదని అసలు పేరు కూడా దాచుకున్నాడు. ఆ మనిషంటే నాకు ఎనలేని గౌరవం.

కానీ ఆ యంత్రం చెప్పేది లోహం ఉందని మాత్రమే, మందుపాతర ఉందని కాదు. జర్మన్లు చెక్కపెట్టెల్లోనూ గాజులోనూ మందుపాతరలు చేశారు. ఆ తర్వాత ప్లాస్టిక్‌వి వచ్చాయి, వాటిలో లోహం బహు స్వల్పం. దాన్ని పట్టేంత సున్నితంగా డిటెక్టర్‌ను పెడితే ప్రతి మేకూ మోగుతుంది, మోగిన ప్రతిచోటా తవ్వాలి. కంబోడియాలో భూమిలోకి చూసే రాడార్‌ను జతచేసి ఈ బాధ కొంత తగ్గించారు. కానీ ముహమాలై అంతర్యుద్ధంలో ఏళ్ల తరబడి యుద్ధరేఖ. మట్టి నిండా తూటాలు, గుండ్ల ముక్కలు. అక్కడ ఎంత చక్కటి చెవైనా ఏం చేస్తుంది?

అందుకే శ్రీలంకలో చాలాచోట్ల డిటెక్టర్ పక్కన పెట్టి, పొడుగు కర్రకు ఇనుపపళ్లు బిగించిన దంతె పడతారు. ముందు ఒక గుంట తీసి, దాని గోడ నుంచి మట్టిని కొద్దికొద్దిగా తమవైపు లాగుతారు. మందుపాతర పేలేది పైనుంచి బరువు పడితే. ఇలా లాగితే ముందు దాని పక్కభాగం కనబడుతుంది. ఈ పనిలో నేను చెవికి కాదు, చేతికే పెద్దపీట వేస్తాను.

కొత్త సెన్సర్ అనగానే నిధులిచ్చేవారు ముందుకొస్తారు. రావాలి కూడా. అయితే దంతె పట్టిన ఆ ఆడవాళ్ల జీతానికి ఏటా డబ్బు అందాలి. ఈ పని ఎక్కువగా విదేశీ విరాళాల మీదే నడుస్తోంది. విరాళం ఆగితే గుంట అక్కడితో ఆగుతుంది, దాని అవతలి పొలంలోకి రైతు అడుగుపెట్టలేడు.