ఎవరి ఉమ్మడి కుటుంబం?

మన దేశంలో పిచ్చి తొందరగా తగ్గుతుందని మానసిక వైద్యశాస్త్రం చాలాకాలం చెప్పుకుంది. ఈ మాటకు పునాది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర మొదలుపెట్టిన స్కిజోఫ్రేనియా అధ్యయనం. తొమ్మిది చోట్ల పరిశోధనా కేంద్రాలు, 1202 మంది రోగులు. ఇండియా తరఫున ఆగ్రా. మొదటి నివేదిక 1973లో వచ్చింది. రెండేళ్ల తర్వాత రోగుల్ని మళ్లీ చూస్తే ఆర్హస్, లండన్, వాషింగ్టన్ కన్నా ఆగ్రా, ఇబదాన్‌లలోనే ఎక్కువమంది కోలుకున్నారన్నారు. ఎందుకంటే ఉమ్మడి కుటుంబమట, బంధువుల ఓర్పట, ఒత్తిడి లేని పొలంపనట. ఈ జవాబులే పాఠాల్లోకెక్కాయి.

ఒత్తిడి లేని పొలంపని ఎవరికి? జీతగానికా, ఆసామికా? ఒక్కరోజు కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో రోగి పక్కన కూచునేదెవరు?

ఆగ్రా అంటే తాజ్‌మహలే కాదు, చెప్పులు కుట్టే జాటవుల ఊరు కూడా. 1956 మార్చి 18న అంబేద్కర్ మాట్లాడిన ఊరు. ఓవెన్ లించ్ అక్కడి జాటవుల మీద, అంటరానితనపు రాజకీయాల మీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. అంటే ఇంచుమించు ఒకే కాలంలో ఒకే నగరం మీద రెండు పరిశోధనలు. ఒకదానికి కులం విషయం, రెండోదానికి మనసు విషయం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవమని మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. (చెప్పేవాళ్లకు ఆ అవసరం లేదు మరి.)

సంస్కృతి అన్న మాట మీదే మా పేచీ. కులాన్ని తీసేసి మిగిలినదానికి భారతీయ కుటుంబం అని పేరు పెడితే, అది అరుగూ, రోగికి విడిగా ఒక గదీ, ఎప్పుడూ ఇంటిపట్టున ఉండే ఆడమనిషీ ఉన్న ఇల్లవుతుంది. వాడలో ఓర్పు లేదని మేము అనం. కానీ ఆస్పత్రికి బస్సు చార్జీ లేక పట్టిన ఓర్పు కూడా అందులో ఉంది. దాన్ని విలువ అని మెచ్చుకుంటే ఎట్లా?

2008లో అలెక్స్ కోహెన్, విక్రమ్ పటేల్, తార, గురేజే కలిసి పేద దేశాల అధ్యయనాల్ని తిరగేశారు. ఫలితాలు అన్నిచోట్లా ఒక్క తీరుగా లేవనీ, ఈ సిద్ధాంతాన్ని మళ్లీ పరీక్షించాలనీ రాశారు. అవసరమైన పని. అయితే దేశాన్ని దేశంతో పోల్చడం దగ్గర ఆగితే చాలదు. ఊరికీ వాడకీ మధ్య తేడాను ఎవరు కొలవాలి?

2017 చట్టం మానసిక వైద్యం అందించడంలో కుల వివక్ష కూడదంది. మంచిదే. వైద్యం మొదలుకాక ముందే, అడిగే ప్రశ్నల్లోనే కులం కనబడకుండా పోతే ఏ సెక్షన్ వర్తిస్తుంది?

ఒక ఓపీ చీటీ మేము చూశాం. ‘ఊళ్లో అందరూ తనను చూసి నవ్వుతున్నారని అనుమానం’ అని రాసి ఉంది. ఆయన గుడి మెట్లెక్కి దెబ్బలు తిన్న మనిషి. ఆయనకు జబ్బు లేదని మేము వాదించడం లేదు, ఉంది. మందులతో నిద్ర పట్టింది కూడా. కానీ ఎవరు నవ్వారు, ఎప్పటినుంచి అని అడిగినట్టు ఆ చీటీలో ఎక్కడా లేదు. ఆయన ఊరు విడిచి బిడ్డ ఇంట్లో ఉంటున్నాడు. చివరిసారి పోయినప్పటి తేదీ కింద ‘మెరుగు’ అని రాశారు.