ఖగోళ మార్గదర్శక గ్రంథములు: ఒక విమర్శ

దూరదర్శినిని కొనుటకంటె దానికి తోడగు గ్రంథమును ఎన్నుకొనుట కష్టతరము. నీహారికలు, నక్షత్రగుచ్ఛములు తమంతట తాము కంటికి దొరకవు. ఎచట వెదకవలెనో, దొరకినపుడు ఎట్లుండునో తెలుపు పుస్తకము కావలెను. ఆంగ్లమున ప్రసిద్ధికెక్కిన రెండు గ్రంథములను బెంగుళూరు నివాసుల దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మొదటిది రాబర్ట్ బర్న్‌హామ్ రచించిన సెలెస్టియల్ హ్యాండ్‌బుక్. 1978లో 3 సంపుటములుగ వెలువడిన ఈ గ్రంథము రెండువేల పుటలకు మించినది. ఉభయ గోళార్ధముల తారామండలములను వర్ణమాలాక్రమమున వివరించును. శాస్త్రముతో పాటు పురాణమును, కవిత్వమును జోడించును. అయితే ఇందలి స్థానములు 1950 నాటివి. అయనచలనము మన పంచాంగకర్తలకు క్రొత్తది కాదు. సుమారు 72 ఏండ్లకు అది 1 డిగ్రీ. అనగా పూర్ణచంద్రబింబపు వెడల్పునకు రెట్టింపు. ఆ అంకెలనే నమ్మి దూరదర్శినిని త్రిప్పినచో వెదకిన వస్తువు దృష్టిక్షేత్రమునకు వెలుపలనే ఉండవచ్చును. ఇది చదివి ఆనందింపదగినదే గాని, చీకటిలో చేతబట్టి నడువదగినది కాదు.

రెండవది గై కన్సల్‌మాగ్నో, డాన్ డేవిస్ రచించిన టర్న్ లెఫ్ట్ ఎట్ ఓరియన్ (1989). చిన్న దూరదర్శినియందు కంటికి నిజముగ తోచు రూపమునే ఇందు చిత్రించిరి. వర్ణచిత్రములను చూచి, పిదప బూడిదవన్నె మరకను గాంచి నిరాశపడు క్రొత్తవారికి ఈ సత్యసంధత మహోపకారి. కాని ఋతువిభాగము ఉత్తరదేశములకు అనుకూలము. వృశ్చికరాశిని జూలై మొదలు సెప్టెంబరు వరకు చూడుమనును. ఆ నెలలలో మనకు నైరృతి మేఘములు అడ్డు. మార్చి మధ్యమున తెల్లవారుజామున 5 గంటలకు జ్యేష్ఠ మనకు దక్షిణమున ఉచ్చస్థితి నందుట పాఠకుడే గుర్తింపవలెను. 2011 నాటి నాల్గవ కూర్పులో దక్షిణాకాశమునకు ప్రత్యేకభాగము చేర్చుటచే కొరత కొంత తీరినది.

ఇట్టి గ్రంథమునకు గీటురాయి ఒకటి కలదు. ఒమెగా సెంటారీ అను మహాగుచ్ఛము లండనున ఎన్నడును ఉదయింపదు. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న బెంగుళూరున సుమారు 30 డిగ్రీల ఎత్తున కానవచ్చును. దానిని విస్మరించిన పుస్తకము మనది కాదు. నగరదీపముల వెలుగులో మసకబారు నీహారికలకంటె ఇట్టి గుచ్ఛములే మన మిద్దెలపై నుండి సులభదర్శనములు.

కావున ఆరంభకులు రెండవదానిని, దాని నాల్గవ కూర్పు గాని తరువాతిది గాని, ఎన్నుకొనుట యుక్తము. 1840లోనే విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు వేధశాల నెలకొల్పిరి. అట్టి వారసత్వము గల మనము పరదేశపు పటమును స్వదేశాకాశమునకు సరిచూచుకొనక గ్రహింపరాదు.