చేతులు కట్టుకొని నిలబడే విద్య

రైల్వే స్కౌట్ల పటంలో ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లో ఉండదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ ఒక్కో రైల్వే జోన్‌కు ఒక్కో రాష్ట్ర సంఘం హోదా ఇచ్చింది. జోన్‌లోని డివిజన్ ఒక జిల్లా. కాబట్టి ఇక్కడి రైల్వే కాలనీలో మెడకు స్కార్ఫ్ కట్టిన కుర్రాడి రాష్ట్రం సౌత్ ఈస్టర్న్ రైల్వే, రాజధాని కోల్‌కతా గార్డెన్ రీచ్. 2003 ఏప్రిల్ 1న ఈస్ట్ కోస్ట్ రైల్వే విడివడేదాకా వాల్తేరు డివిజన్ కూడా ఈ జోన్‌లోదే. అంటే ఖరగ్‌పూర్ మథురాకాటి క్వార్టర్లలోని తెలుగు పిల్లవాడూ, విశాఖ రైల్వే కాలనీలోని పిల్లవాడూ అన్నేళ్ళూ ఒకే ‘రాష్ట్రం’ స్కౌట్లు. భాషా ప్రయుక్త రాష్ట్రాలు విడదీసిన వాళ్ళను పట్టాలు అలా కలిపి ఉంచాయి.

ఆ పట్టాలే మనవాళ్ళను ఇక్కడికి తెచ్చాయి. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి 1902లో తీరం వెంబడి ఉన్న లైనులో ఉత్తర భాగం వచ్చింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు మనుషులు కావాలి, శ్రీకాకుళం, విశాఖ పల్లెలకు కూలి కావాలి. మూడు నాలుగు తరాలు గడిచాక కూడా గోల్‌బజార్‌లో బేరం తెలుగులో సాగుతుంది. 1927లో ఈ వర్క్‌షాపు కార్మికుల పోరాటానికి ముందు నిలిచిన వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి పదవిలో ఉన్నవారే భారత్ స్కౌట్స్ సంస్థకు పోషకులు. ఖరగ్‌పూర్ సమ్మె నాయకుడికి స్కౌట్లతో ఇలా చుట్టరికం కలిసిందని ఇక్కడి ట్రూపుల్లో ఎవరైనా పిల్లలకు చెబుతున్నారో లేదో. చెప్పాల్సిన కథే.

స్కౌటింగ్ పుట్టుక చాలామందికి తెలిసిందే. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ అనే సైనికాధికారి ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది పిల్లలతో గుడారాలు వేశాడు. ప్రభువుల బిడ్డలనూ కూలివాళ్ళ బిడ్డలనూ నాలుగు గుంపులుగా కలిపేశాడు. రెండేళ్ళకు బెంగళూరులో తొలి ట్రూప్ వచ్చింది, అదీ తెల్లవాళ్ళ, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మన పిల్లలకు తలుపు తీయలేదు గనక 1916లో మద్రాసులో అనీబిసెంట్ వేరే సంఘం పెట్టింది. ఆ మరుసటి ఏడు మదన్ మోహన్ మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి అలహాబాదులో సేవా సమితి స్కౌట్లను నిలబెట్టారు. ఈ పాయలన్నీ కలిసి 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి, మరుసటి ఏడు అమ్మాయిల సంఘమైన గైడ్లూ చేరారు.

చరిత్ర అంతవరకు చాలు. ఆ బ్రౌన్‌సీ గుంపులే అసలు విషయం. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక పాట్రోల్, రెండు నుంచి నాలుగు పాట్రోల్‌లు కలిస్తే ట్రూప్. పాట్రోల్‌కు ఒక జంతువు పేరో పక్షి పేరో, ఒక జెండా, ఒక లీడర్. లీడర్‌కు పద్నాలుగేళ్ళో పదిహేనేళ్ళో ఉంటాయి. ముడి వేయడం స్కౌట్ మాస్టర్ ఈ లీడర్లకు నేర్పుతాడు, వాళ్ళు తమ పిల్లలకు నేర్పుతారు. మాస్టారే ముప్ఫై మందికీ నేరుగా నేర్పితే పని త్వరగా అవుతుంది, ముడులూ చక్కగా పడతాయి. అయితే అప్పుడది ఇంకో డ్రిల్ క్లాసు అవుతుంది. ఈ తేడా తెలిసిన పెద్దమనిషి దొరకడమే కష్టం. మన బడుల్లో మంచి మాస్టారంటే గంటసేపు అనర్గళంగా మాట్లాడేవాడు. ఇక్కడ మంచి మాస్టారు చేతులు కట్టుకొని వేపచెట్టు కింద నిలబడి, కుర్రాడు తాడును తప్పుగా తిప్పుతుంటే చూస్తూ, నోటి దాకా వచ్చిన మాటను మింగేవాడు.

మింగడానికి కూడా పద్ధతి ఉంది. తప్పు వల్ల గుడారం ఒరిగిపోతుందంటే ఒరగనివ్వాలి. నిప్పు, నీళ్ళు, గొడ్డలి, రోడ్డు, రైలు పట్టాల దగ్గర మాత్రం క్షణం ఆగకూడదు. మిగతా చోట్ల లీడర్‌ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడగాలి: “గాలి ఎటునుంచి వస్తోంది బాబూ?” జవాబు వాడికి తట్టేదాకా ఆగాలి. అందరి ముందూ వాడిని సరిదిద్దితే ఆ రోజుతో వాడి లీడరీ పోయినట్టే. ఈల కూడా అంతే. మాటిమాటికీ ఊదే మాస్టారి ఈలకు విలువుండదు.

వారం వారం జరిగే మీటింగు గంటన్నర. జెండా, తనిఖీ, ఓ పరుగు ఆట, పాట్రోల్‌లు తమ మూలల్లో కూర్చొని పని, ఏదో ఒక కొత్త విద్య, మళ్ళీ ఆట, మంట చుట్టూ కూర్చున్నట్టు ఓ కథ, జెండా దింపడం. జెండా ఎగరేయడం తేలికనుకుంటాం. గుడ్డను మడిచి, తాడు కొసను ఉచ్చులా దోపి కట్టలా పైకి పంపాలి. కింద నుంచి ఒక్క లాగు లాగితే విచ్చుకోవాలి. మడత తప్పితే పైన ముద్దలా వేలాడుతుంది, మడిచిన పాట్రోల్ ఏదో మైదానమంతటికీ తెలిసిపోతుంది. తిట్టాల్సిన పని మాస్టారికి ఉండదు.

ఆటల్లో నాకు ఇష్టమైనది కిమ్ ఆట. కిప్లింగ్ ‘కిమ్’ నవలలో సిమ్లా వ్యాపారి కుర్రాడి చూపును సానబట్టిన తీరు చూసి బేడెన్ పావెల్ తీసుకున్నాడు. పళ్ళెంలో ఇరవై నాలుగు వస్తువులు, పైన గుడ్డ. ఒక్క నిమిషం తీసి చూపించి కప్పేస్తారు. గుర్తున్నవి రాయాలి. రైల్వే కాలనీలో పళ్ళెం నింపడానికి కరువా? నట్టు, వాషరు, పాత టికెట్టు, ఆవగింజల పొట్లం, నాణెం, బొగ్గు ముక్క. చదువులో వెనకబడిన పిల్లలు చాలాసార్లు ఈ ఆటలో ముందుంటారు. లీడర్‌గా ఎవరు పనికొస్తారో మాస్టారికి ఇక్కడే తెలుస్తుంది.

ముడుల దగ్గర కొంచెం ఆగుదాం. రీఫ్ నాట్ అంటే కుడి కొస ఎడమ మీదుగా, మళ్ళీ ఎడమ కొస కుడి మీదుగా. చదునుగా ఒదుగుతుంది కాబట్టి గాయం కట్టుకు సరిగ్గా సరిపోతుంది. అదే ముడితో రెండు మోకులు కలిపి బరువు వేలాడదీస్తే జారిపోయే ప్రమాదం ఉంది. లావు తాడుకు సన్నతాడు కలపాలంటే షీట్ బెండ్. బావిలో పడ్డవాడి నడుముకు వేయాలంటే బౌలైన్, ఎంత లాగినా ఆ ఉచ్చు బిగుసుకోదు. రెండు వెదుళ్ళను అడ్డంగా కట్టాలంటే నిలువు కర్రకు క్లోవ్ హిచ్‌తో మొదలుపెట్టి, రెంటినీ కలిపి మూడు నాలుగు చుట్లు తిప్పి, తరువాత కర్రల సందులోంచి ఆ చుట్ల చుట్టూ తాడును బిగించి లాగాలి. ఆ చివరి బిగింపు మరిచిన కట్టు రాత్రికి వదులవుతుంది, పొద్దున్నకు ప్లేట్ల స్టాండు నేల మీద ఉంటుంది. ఇంటి వరండాలో కిటికీ చువ్వకు తాడు కట్టి సాధన చేసే మనవణ్ణి చూసి నాయనమ్మలు “ఏట్రా అది, గుడ్డలారెయ్యడానికా?” అంటారు. గుడ్డలు ఆరేయడానికీ పనికొస్తుంది. స్కౌట్ విద్యలో పనికిరానిది తక్కువ. రెండు కర్రలు, గుండీలు పెట్టిన రెండు చొక్కాలు ఉంటే స్ట్రెచర్ తయారు. మెడలోని స్కార్ఫ్ విప్పితే విరిగిన చేతికి ఊయల.

ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నేల ఈ విద్యకు పుట్టినిల్లులా ఉంటుంది. ఎర్రటి చిట్టురాతి నేల, సాల చెట్ల తోపులు, ఊరికీ మేదినీపూర్‌కూ మధ్య కాసాయి అని అందరూ పిలిచే కంసావతి. ఆ నది వెడల్పును దాటకుండా కొలవడం కుర్రాళ్ళకు ఓ ఇంద్రజాలం. అవతలి గట్టున ఓ చెట్టును ఎంచుకొని దానికి ఎదురుగా నిలబడాలి. గట్టు వెంబడి ముప్ఫై అడుగులు నడిచి కర్ర పాతాలి. అదే వరసలో ఇంకో ముప్ఫై నడవాలి. అక్కడ నదికి వీపు తిప్పి లోపలికి నడుస్తూ, కర్రా చెట్టూ ఒకే గీతలోకి వచ్చేదాకా వెనక్కి చూసుకోవాలి. గట్టు నుంచి లోపలికి నడిచిన దూరమే నది వెడల్పు. సర్వసమాన త్రిభుజాలు ఎందుకు చదవాలని విసుక్కునే తొమ్మిదో తరగతివాడు ఆ రోజు నోరు తెరుస్తాడు. అయితే ముందు తన అడుగు ఎంత పొడవో తెలియాలి. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని గొప్ప చెప్పుకునేవాళ్ళం, ఆ పేరు ముందు గోరఖ్‌పూర్‌కు, తరువాత హుబ్బళ్ళికి వెళ్ళింది. రద్దీ లేని వేళ అనుమతి తీసుకొని కొలత తెలిసిన ఆ దారి మీద పిల్లలను నడిపిస్తే అడుగు లెక్క ఒక్కరోజులో తేలుతుంది.

క్యాంపుకు డిసెంబర్, జనవరి మేలు. చైత్రం వస్తే కాలవైశాఖి గాలివాన గుడారాలను లేపేస్తుంది. క్యాంపులో ప్రతి పాట్రోల్ తన వంట తానే చేసుకుంటుంది, మాస్టారు అతిథిగా ఓ పూట ఒక్కో పాట్రోల్ దగ్గర తింటాడు. ఈ ఊళ్ళో అసలు పరీక్ష పొయ్యి దగ్గరే. ఒకే పాట్రోల్‌లో తెలుగు, బెంగాలీ, ఒడియా, బిహారీ పిల్లలుంటారు. ఒకడికి చింతపండు పులుసు కావాలి, ఒకడికి ఆలూ పోస్తో, ఇంకొకడికి దాల్మా. గసగసాల ధర తెలిశాక పోస్తో ప్రస్తావన దానంతటదే చల్లబడుతుంది. ఇచ్చిన డబ్బులో ఏం కొనాలో, ఎవరు కట్టెలు తేవాలో, గిన్నెలు ఎవరి వంతో లీడర్ తేల్చాలి. ప్రార్థన హిందీలో సాగుతుంది, తగవు రైల్వే కాలనీ హిందీలో, అలక మాత్రం ఎవరి ఇంటి భాషలో వారిదే. ఇంట్లో ఎప్పుడూ కంచం కడగని కొడుకు బూడిదతో గిన్నె తోమాడని విని తల్లులు నమ్మరు.

రాత్రి పాట్రోల్ లీడర్ల సభ ఉంటుంది. దాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. రేపటి పనులు, ఖర్చులు, ఎవరైనా తప్పుచేస్తే ఏం చేయాలో పిల్లలే మాట్లాడుకుంటారు. మాస్టారు అక్కడ సలహాదారు మాత్రమే. పిల్లలు పెద్దలకన్నా కఠినంగా శిక్ష వేయబోతారు. “పోయిన నెల నీ పాట్రోల్‌వాడు ఇదే చేస్తే ఏమన్నావు?” అని గుర్తు చేయడం ఆయన వంతు.

ఇక ఒక మాట చెప్పక తప్పదు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. ప్రవేశ్ అనే మొదటి మెట్టు నుంచి మూడు సోపానాలూ ఎక్కి, రాజ్య పురస్కార్ దాటి, రాష్ట్రపతి అవార్డు అందుకున్నవాళ్ళు దానికి పోటీ పడవచ్చు. పోస్టులు జోన్ మొత్తానికీ వేళ్ళమీద లెక్కపెట్టేన్నే. రైల్వే ఊళ్ళో ట్రూపులు బతికి ఉండటానికి ఈ కోటా ఒక కారణమని ఒప్పుకోవాలి. ఇరవై దాటిన రోవర్లు, అంటే పెద్ద స్కౌట్లు, మైదానం వదలకుండా చిన్నవాళ్ళకు తోడుండటం దాని పుణ్యమే. కానీ చేరిన మొదటి వారమే “సర్టిఫికెట్ ఎన్నాళ్ళకొస్తుందండీ?” అని అడిగే తండ్రికి నిజం చెప్పాలి: చాలామందికి ఉద్యోగం రాదు. లాగ్‌బుక్ నింపించి బ్యాడ్జీలు పంచే ట్రూపులో పిల్లలు నేర్చేది లాగ్‌బుక్ నింపడమే.

పెద్దవాళ్ళకు ఇందులో జీతం లేదు. రైల్వే ఉద్యోగులకు స్కౌటింగ్ పనుల కోసం స్పెషల్ క్యాజువల్ లీవ్ ఉంది. తాళ్ళు, పటిక, అయొడిన్ సీసా తరచూ సొంత జేబులోంచే. నైట్ షిఫ్ట్ దిగి ఆదివారం పొద్దున మైదానానికి రావాలి. ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఓ గదిలోనో గుడారంలోనో ఉండకూడదు, ఇంకో పెద్దమనిషి తప్పనిసరి. గైడ్ల క్యాంపుకు గైడ్ కెప్టెన్ ఉండాలి. తల్లిదండ్రుల సంతకం లేనిదే ఊరు దాటకూడదు. ఇవి మొహమాటపడే విషయాలు కావు. పిల్లల కోచింగ్ వేళలు ఆదివారాన్నీ మింగేస్తున్నాయి గనక మీటింగు టైమును పిల్లలనడిగే మార్చుకోవాలి.

ఇంత విన్నాక కూడా చేరతానంటే, ముందు వారం రోజుల బేసిక్ కోర్సుకు వెళ్ళాలి. తరువాత అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన పచ్‌మఢీ లాంటి చోట హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్ శిక్షణ. అక్కడ సీనియర్ సెక్షన్ ఇంజనీరునూ, హెడ్మాస్టారునూ, ఖలాసీనీ కలిపి ఒకే పాట్రోల్‌లో వేస్తారు. వంట వంతులు పడతాయి. ఒక్కోసారి అందరికన్నా చిన్నవాడు లీడర్ అవుతాడు. ఆ లీడర్ తాడు తప్పుగా తిప్పుతున్నాడని హెడ్మాస్టారుకు తెలిసినా మాట మింగాలి. ట్రైనర్ చేతులు కట్టుకొని దూరంగా నిలబడి ఉంటాడు.