చుండూరు: నీళ్లపాలైన సాక్ష్యం

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. అంటే శవాలతో పాటు సాక్ష్యాన్నీ నీళ్లపాలు చేశారు. పొలం గట్టుమీది నెత్తురు, కాలిగుర్తులు, ఆయుధాలు తొలి గంటల్లోనే వెతికి, పంచుల ఎదుట రాసి, సీలు వేయాల్సినవి. ఆ పని పోలీసులది, బాధితులది కాదు.

2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, చంపిందెవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. ఈ తర్కాన్నే మేం ప్రశ్నిస్తున్నాం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పొలాలెంట పరిగెత్తినోళ్లు గడియారం చూసుకోవాలా? శవాన్ని మాయం చేసినవాడికే చోటు తేలకపోవడం లాభమైతే, రేపటి హంతకుడికి అదే పాఠం. దర్యాప్తు లోపం ఒక్కదాన్నే చూపి నిందితుల్ని వదలకూడదని సుప్రీంకోర్టు 1995లోనే కర్నేల్ సింగ్ కేసులో చెప్పింది.

2024 జులై 1న అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత, 7 ఏళ్లు ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలంటోంది. రాష్ట్రాలకు 5 ఏళ్ల గడువూ ఇచ్చింది. నిపుణులొచ్చేదాకా ఆ చోటికి కాపలా ఎవరు? పంచనామాలో సంతకాలు పెట్టేది ఏ కులపోళ్లు? కార్యకర్తలు మొదటిరోజే అడగాల్సిన ప్రశ్నలివి.