కేంద్రకం నల్లబడితే

ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చే చిన్న డబ్బాలో, సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ మీద మెదడు ముక్క ఉంటుంది. బియ్యపుగింజకు కాస్త అటూ ఇటూ. అందులోంచి ఆవగింజంత తుంచి గాజుపలక మీద పెట్టి, పైన ఇంకో పలక ఆనించి నొక్కి లాగితే స్క్వాష్ తయారవుతుంది. నిమిషాల్లో రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టేస్తాం. గ్లియోమా, అంటే మెదడు సొంత కణాల కణుతి అయితే కణాలన్నీ సన్నని పీచులో చిక్కుకుని కనబడతాయి. లింఫోమా, అంటే లింఫోసైట్ల క్యాన్సర్ అయితే ఆ పీచు ఉండదు. ఏ కణానికి ఆ కణం విడివిడిగా పలకంతా పరుచుకుంటుంది. పెద్ద కేంద్రకం, దాని చుట్టూ ఉందా లేదా అన్నట్టు సైటోప్లాజం. రక్తనాళం ఎక్కడ కనబడితే అక్కడ దాని చుట్టూ మూగి ఉంటాయి. ఇంతలో ఇంటర్‌కమ్‌లో సర్జన్ గొంతు: "మేడమ్, లింఫోమాయేనా? అయితే ఇక్కడితో ఆపేస్తాను." ఈ జబ్బులో కత్తికి పెద్దగా పని లేదు. ముక్క తీసి పేరు తేల్చుకుంటే మిగతాదంతా మందుల వంతు.

ఆ తేల్చడంలోనే ఉంది తంటా. మతిమరుపనో, మాట తడబడుతోందనో, కాలు ఈడుస్తున్నాడనో తీసుకొచ్చిన మనిషికి స్కాన్‌లో వాపు కనబడగానే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలెట్టేస్తారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్పదు, తప్పు పట్టను. కానీ స్టెరాయిడ్ పడితే లింఫోమా కణాలు రోజుల్లో కరిగిపోతాయి. స్కాన్‌లో గడ్డ మాయమవుతుంది, ఇంట్లోవాళ్లు తిరుపతి మొక్కు తీర్చుకుంటారు. కొన్నాళ్లకు గడ్డ అక్కడే లేదా ఇంకోచోట మళ్లీ లేస్తుంది. ఈలోగా బయాప్సీ చేస్తే నాకు దొరికేది చచ్చిన కణాలను మింగి బలిసిన మాక్రోఫేజ్‌లే. అందుకే మా విభాగం నుంచి న్యూరో వార్డుకు ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట "డెక్సా పడిందా?"

అదృష్టం బాగుండి కణాలు దొరికి, సీడీ20 పరీక్షలో గోధుమరంగు తిరిగి, ఇది పెద్ద బి-కణాల లింఫోమా అని రాశాక రెండో ప్రశ్న వస్తుంది. ఇందులో వైరస్ ఉందా? రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ కౌంటర్ దగ్గర నన్ను ఆపి అడిగింది. "ఏదో వైరస్ పరీక్ష కూడా రాశారంట డాక్టరమ్మా. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వాళ్లను మా మామగారి పక్కన పడుకోబెట్టొచ్చా?" భేషుగ్గా పడుకోబెట్టొచ్చమ్మా అన్నాను. పిల్లలకు ఆ వైరస్ ఈపాటికే వచ్చిపోయి ఉంటుందని మాత్రం అప్పుడు అనలేదు. కంగారు పడుతుంది.

వచ్చిపోయి అనడం కూడా పూర్తిగా నిజం కాదు, అది పోదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను లోకంలోని పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఒంట్లో మోస్తూనే ఉన్నారు. మన ఇళ్లలో గోరుముద్దలతో, ఎంగిలి గ్లాసులతో చిన్నతనంలోనే అంటుకుంటుంది. చాలామందికి జ్వరమైనా రాదు. ఆ తర్వాత బి-కణాల్లో చేరి జీవితాంతం అక్కడే ఉంటుంది.

దాన్ని కనుక్కున్న కథ పాథాలజీ పిల్లలకు ఏటా చెబుతాను. 1961 మార్చిలో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్, ఉగాండా పిల్లల దవడల్లో లేచే కణుతుల గురించి ప్రసంగించాడు. వేడి, వాన ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే ఆ కణుతులు వస్తున్నాయని వినగానే సభలో ఉన్న ఆంథొనీ ఎప్‌స్టీన్‌కు దీని వెనక ఏదో వైరస్ ఉండాలనిపించింది. కంపాలా నుంచి విమానాల్లో ముక్కలు తెప్పించుకుని రెండేళ్లకు పైగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వెతికాడు. ఏమీ లేదు. 1963 డిసెంబరులో పొగమంచు వల్ల ఒక విమానం లండన్‌లో దిగలేక మాంచెస్టర్‌కు మళ్లింది. ముక్క చేతికందేసరికి సీసాలో ద్రవం మసకబారి ఉంది. బ్యాక్టీరియా పట్టిందని ఎవరైనా పారబోస్తారు. ఆయన ముందొక చుక్క తీసి చూశాడు. బ్యాక్టీరియా కాదు, కణుతి నుంచి విడిపడి బతికి తేలుతున్న కణాలు. వాటిని పెంచితే 1964లో వైరస్ కనబడింది. బర్ట్ అచాంగ్, ఇవోన్ బార్‌లతో కలిసి లాన్సెట్‌లో ప్రకటించాడు. పిల్లలకు నేను చెప్పదలచుకునేది ఆ చుక్క గురించే, పరీక్షలో మాత్రం వాళ్లు సంవత్సరం రాసి ఊరుకుంటారు.

మెదడు లింఫోమాలో ఈ వైరస్ జాడ 1983లో బయటపడింది. అప్పటికే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో లింఫోమాలు వస్తున్నాయని, వాటిలో మెదడుకు వచ్చేవీ ఉన్నాయని వైద్యలోకానికి తెలుసు. ఎయిడ్స్ వచ్చాక అది వరద అయింది. ఎయిడ్స్ రోగుల మెదడు లింఫోమాల్లో దాదాపు అన్నింటిలోనూ వైరస్ ఉంటుందని 1991లో బాల్టిమోర్ పరిశోధకులు చూపించారు. అయితే రోగనిరోధక శక్తి బాగానే ఉన్న అరవై ఏళ్ల మనిషికి వచ్చే మెదడు లింఫోమాలో సాధారణంగా వైరస్ ఉండదు. మైక్రోస్కోపులో రెండూ ఒకటే. మొహం చూసి చెప్పలేం.

దానికి ఈబర్ పరీక్ష ఉంది. ఈ వైరస్ అణిగిమణిగి ఉన్నప్పుడు కూడా రెండు చిన్న ఆర్ఎన్ఏలను ఒక్కో కణంలో లక్షల్లో తయారుచేస్తుంది. వాటికి సరిపోయే ప్రోబ్‌ను స్లైడ్ మీద పోస్తే అతుక్కుంటుంది, రంగు వేస్తే ఆ కేంద్రకం నీలినలుపు తిరుగుతుంది. వైరస్ లేని కణాలు లేత గులాబీరంగులో మిగిలిపోతాయి. చెప్పడానికి తేలికే. మా టెక్నీషియన్ గ్లోవ్స్ లేకుండా ఎవర్నీ ఆ బల్ల దరిదాపులకు రానివ్వదు. వేళ్లకుండే చెమటలోని ఎంజైములు చాలు, ఆర్ఎన్ఏను తినేయడానికి. ఫార్మలిన్‌లో ముక్క సరిగ్గా నానకపోయినా అంతే. అందుకే ప్రతి ముక్కకూ పక్కన ఇంకో స్లైడ్ వేస్తుంది, అందులో ఆర్ఎన్ఏ అసలు మిగిలిందా అని చూసుకోవడానికి. ఒక్కోసారి ట్రే నా గదిదాకా తెచ్చి, గుమ్మంలోంచే "కంట్రోల్ రాలేదు మేడమ్, ఇది చూడకండి, రేపు మళ్లీ పెడతా" అని వెనక్కి తీసుకెళ్లిపోతుంది. ఆమె ఆ మాట అనకపోతే నేను నెగెటివ్ అని రాసిపడేసే ప్రమాదం ఎంత ఉందో ఆ గుమ్మంలో మా ఇద్దరికే తెలుసు.

పీసీఆర్ ఉండగా ఇంత తతంగం దేనికని కొత్తగా వచ్చిన పీజీలు అడుగుతారు. పీసీఆర్‌కు ముక్కను నూరి, డీఎన్ఏ తీసి వెతుకుతాం. దొంగ ఊళ్లో ఉన్నాడని చెబుతుంది తప్ప ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పదు. నూటికి తొంభైమంది ఒంట్లో తిరుగుతున్న వైరస్ ఊళ్లో ఉందంటే ఏం తెలిసినట్టు? కణుతిలోకి చొరబడిన ఏ మామూలు లింఫోసైట్‌లోనో అది ఉండొచ్చు. ఈబర్‌లోనూ అక్కడొకటి ఇక్కడొకటి నల్లబడితే నేను లెక్కలోకి తీసుకోను. పెద్ద కణాలన్నీ కట్టకట్టుకుని నల్లబడాలి. 2002లో కోతుల వైరస్ ఎస్‌వీ40 లింఫోమాల్లో ఉందంటూ గొప్ప పత్రికలోనే వ్యాసాలు వచ్చాయి. పాత పోలియో టీకాలలో ఆ వైరస్ కలిసిన మాట నిజం కాబట్టి జనం బెదిరిపోయారు. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు. ఆ వైరస్ డీఎన్ఏ తునకలు ప్రయోగశాలల్లో వాడే ప్లాస్మిడ్‌లలోనే ఉంటాయి, ట్యూబులోకి ఎగిరిపడటానికి ఎంతసేపు!

మన దగ్గర హెచ్‌ఐవీ ఉధృతంగా ఉన్న రోజుల్లో మెదడులో గడ్డ అంటే ముందు టాక్సోప్లాస్మా, లేదా క్షయ అనుకునేవాళ్లు. చాలాసార్లు అవే. లింఫోమా దాకా బతికినవాళ్లు తక్కువ, బయాప్సీ దాకా వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. ఢిల్లీ, వేలూరు, హైదరాబాద్ ఆసుపత్రుల నుంచి వచ్చిన పత్రాల్లో కూడా మెదడు లింఫోమా రోగుల్లో అత్యధికులు హెచ్‌ఐవీ లేనివాళ్లే. హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు విరివిగా వచ్చాక ఎయిడ్స్ లింఫోమా అమెరికాలోనూ బాగా తగ్గింది. టి-కణాలు మళ్లీ కాపలాకు వస్తే ఈ వైరస్ ఆటలు సాగవు.

వైరస్ చేసే పనేమిటో కాస్త చెప్పాలి. బి-కణం పెరగాలంటే బయటి నుంచి సంకేతం రావాలి. వైరస్ తయారుచేసే ఎల్ఎంపీ1 అనే ప్రొటీన్ ఆ సంకేతం వచ్చినట్టే లోపల నటిస్తుంది, ఎన్ఎఫ్-కప్పాబి అనే మీట పైకి లేచి అలాగే ఉండిపోతుంది. వైరస్ లేని మెదడు లింఫోమాల్లో చాలావాటికి ఎంవైడి88, సీడీ79బి జన్యువుల్లో మార్పులుంటాయి. అవి నొక్కేది కూడా ఆ మీటనే. వైరస్ ఉన్నవాటిలో ఈ మార్పులు దాదాపుగా కనబడవు. అవసరం లేదు మరి. నాకు ఈ జబ్బులో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది, నచ్చిన అనడం రోగి వినకపోతేనే బాగుంటుంది.

వైద్యానికి వస్తే మెదడు లింఫోమాకు మూలస్తంభం మెథోట్రెక్సేట్. చదరపు మీటరు శరీర వైశాల్యానికి 3 గ్రాములు, అంతకు మించి కూడా నరంలోకి ఎక్కిస్తారు. అంత ఎక్కిస్తేనే మెదడు చుట్టూ ఉన్న అడ్డుగోడ దాటుతుంది. మర్నాడు ల్యూకోవోరిన్ ఇచ్చి మిగతా ఒంటిని కాపాడతారు. ఈ మందు పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలో. దాని అక్క అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల ల్యుకేమియాను తాత్కాలికంగానైనా లొంగదీసిన సంగతి 1948లో అచ్చయింది. సుబ్బారావు పోయిందీ ఆ ఏడే.

అదే మెథోట్రెక్సేట్‌ను మిల్లీగ్రాముల్లో, వారానికోసారి, కీళ్లవాతానికి వాడతారు. లక్షలమందికి మేలు చేస్తున్న మందు. కానీ అలా రోగనిరోధక శక్తిని ఏళ్ల తరబడి అణచడంతో కొద్దిమందిలో ఎప్‌స్టీన్-బార్ లింఫోమా లేస్తుంది. మందు ఆపితే వాటిలో కొన్ని వాటంతట అవే కరిగిపోతాయని 1993లో అమెరికా వైద్యులు రాశారు. మెదడులో ఇలా రావడం అరుదే, కానీ వస్తుంది. గ్రాముల్లో ఎక్కిస్తే నయం చేసే మందు, మిల్లీగ్రాముల్లో మింగితే అదే జబ్బుకు తలుపు తీయొచ్చు. కాబట్టి ఈబర్ పాజిటివ్ అని రాసి సంతకం పెట్టి కూర్చోవడానికి లేదు. ఈ మనిషిలో కాపలా ఎందుకు సడలింది? హెచ్‌ఐవీయా, మార్పిడి కిడ్నీయా, మందా, లేక వయసేనా? దానికి జవాబు రిక్వెస్టు ఫారంలో ఉండాలి. ఉండదు. "ఎస్‌ఓఎల్ బ్రెయిన్, లింఫోమా?" అని, అంటే మెదడులో గడ్డ, లింఫోమాయేనా అని, ఒక ముక్క, కింద గీకిన సంతకం.

మొన్న ఒకావిడది అలాంటి ఫారమే వచ్చింది, కేంద్రకాలన్నీ నల్లబడ్డాయి. వార్డులో పీజీకి ఫోన్ చేశాను. "హెచ్‌ఐవీ నెగెటివ్ మేడమ్. బీపీ, షుగర్ తప్ప ఏం లేవు." కీళ్లకేమైనా వాడుతోందేమో అడగమన్నాను. కాసేపటికి అతనే చేశాడు. "ఆదివారం ఆదివారం పసుపు మాత్రలేవో వేసుకుంటుందట మేడమ్, కూతురు చెప్తోంది. పేరు తెలీదట." అట్ట ఫోటో పెట్టించమన్నాను. చూసుకున్నాక రుమటాలజీ వాళ్లతో, ఆంకాలజీ వాళ్లతో మాట్లాడి, మందు పేరు కూడా రిపోర్టులో చేర్చి సంతకం పెట్టాను. పీజీ ఇప్పుడు నా ఫోన్ కోసం ఎదురుచూడకుండా ఫారం వెనక మందుల చిట్టా మొత్తం రాసి పంపుతున్నాడు, దస్తూరీ మాత్రం దేవుడికే అర్థం కావాలి.