ఇండికేటర్‌ను సొంతంగా ఎందుకు రాయాలి?

ఫలానా షేరు ఆర్‌ఎస్‌ఐ (ధర పెరుగుదలల సగటును తగ్గుదలల సగటుతో పోల్చే ఇండికేటర్) ఇవాళ ఎంత అని రెండు సాఫ్ట్‌వేర్లను అడిగితే ఒకే జవాబు రావాలి. చాలాసార్లు రాదు. ఈ ఇండికేటర్‌ను వెల్స్ వైల్డర్ అనే మెకానికల్ ఇంజనీరు 1978లో తన పుస్తకంలో పరిచయం చేశారు. ఏటీఆర్, ఏడీఎక్స్ అనే ఇండికేటర్లు కూడా ఆ పుస్తకంలోవే. ఆయన సగటు కట్టే పద్ధతి ఇది: 14 రోజుల గడువు తీసుకుంటే, నిన్నటి సగటును 13తో గుణించి, ఇవాళ్టి పెరుగుదలను కలిపి, 14తో భాగించాలి. అంటే కొత్త విలువకు దక్కే వాటా 1/14. మామూలు ఎక్స్‌పొనెన్షియల్ సగటులో అదే 14 రోజులకు ఆ వాటా 2/15. వైల్డర్ సగటుకు సమానమైనది కావాలంటే అక్కడ 27 రోజులు పెట్టాలి. ఇంకొందరు సాదా సగటుతోనే సరిపెట్టుకుంటారు. ముగ్గురూ తమ గీతను ఆర్‌ఎస్‌ఐ అనే పిలుస్తారు, 70 దాటితే అమ్మాలని అందరూ ఒకే మాట చెబుతారు!

టీఏ-లిబ్ వంటి లైబ్రరీల్లో నూటయాభైకి పైగా ఇండికేటర్లు సిద్ధంగా ఉండగా మళ్లీ రాయడం దండగ కాదా అని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. సొంతంగా రాసేవాడు ప్రతి నిర్ణయం తనే తీసుకోక తప్పదు. వైల్డర్ పద్ధతిలో మొదటి విలువకు 15 క్లోజింగ్ ధరలు కావాలి. అంతకుముందు గడుల్లో సున్నా పెట్టాలా, ఖాళీగా వదలాలా? సున్నా పెడితే కోడ్ దాన్ని నిజమైన విలువ అనుకుని కొనుగోలు సంకేతం ఇచ్చేస్తుంది. మొదటి విలువ వచ్చాక కూడా లెక్క కుదురుకోదు. తొలి సగటు ప్రభావం యాభై బార్ల (రోజువారీ చార్టులో యాభై రోజుల) తర్వాత సుమారు రెండున్నర శాతం మిగిలే ఉంటుంది. అందుకే చార్టును వేర్వేరు తేదీల నుంచి మొదలుపెట్టినవాళ్లకు వేర్వేరు అంకెలు వస్తాయి. టీఏ-లిబ్ దీన్ని అస్థిర గడువుగా గుర్తించి, ఎన్ని తొలి విలువలు వదిలేయాలో చెప్పే వీలు కల్పించింది. బ్యాక్‌ట్రేడర్ అనే మరో లైబ్రరీ అయితే ఎన్ని బార్లు కావాలో ఇండికేటరే ప్రకటించాలంటుంది. వేగం సంగతి ఇంతకన్నా సులువు: మెటాట్రేడర్ 5 అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ ఇంతవరకు ఎన్ని బార్లు లెక్కించామో కోడ్‌కు అందిస్తుంది, కొత్తవాటిని మాత్రం లెక్కిస్తే చాలు.

అసలు ప్రమాదం భవిష్యత్తును తెలియకుండా వాడుకోవడంలో ఉంది. ఒక రోజు గరిష్ఠ ధర మార్కెట్ మూసే మధ్యాహ్నం మూడున్నర దాకా ఖాయం కాదు; దాన్ని ఉదయం పదింటి నిర్ణయంలో వాడిన కోడ్ పాత డేటాపై అద్భుతంగా లాభాలు చూపిస్తుంది. సగటును గడువు మధ్యలో నిలబెట్టి గీసినా అంతే. గీత ధర మలుపులకు చక్కగా అతుకుతుంది, కానీ ఆ విలువ ఆ రోజున ఎవరికీ తెలిసే అవకాశం లేదు. చార్టు ఎంత నునుపుగా ఉంటే అంత అనుమానించాలన్నది నా అభిప్రాయం.

ఇంత శ్రమపడ్డా ధర ఎటు పోతుందో తెలుస్తుందా అన్నది గట్టి అభ్యంతరం. తెలుస్తుందని నేననను. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024లో తేల్చింది. పైగా నూరు రకాల గడువులు ప్రయత్నిస్తే ఏదో ఒకటి గతంలో లాభం చూపించే తీరుతుంది. అయినా ఆ అభ్యంతరం ఈ పనిని కొట్టిపారేయలేదు. ‘ఈ మధ్య ఊపు తగ్గింది’ అన్న మాటను ఎవరూ తప్పని నిరూపించలేరు. దాన్నే గడువు, సగటు, హద్దు చెప్పి కోడ్‌గా రాస్తే పరీక్షకు నిలుస్తుంది లేదా వీగిపోతుంది. చాలావరకు వీగిపోతుంది. సొమ్ము పెట్టకముందే అది తెలియడం చిన్న లాభమేమీ కాదు.

కాబట్టి మీరు రాసిన ఇండికేటర్‌కు మొదట ఒక పరీక్ష పెట్టండి. డేటాను మధ్యలో ఒక బార్ దగ్గర కత్తిరించి, ఆ తర్వాతి భాగం తీసేసి మళ్లీ లెక్క కట్టండి. అక్కడిదాకా వచ్చిన విలువల్లో ఒక్కటైనా మారితే ఆ కోడ్ రేపటి ధరను చూస్తోందన్నమాట. దాన్ని సరిదిద్దేవరకు లాభనష్టాల పట్టిక తెరవకండి.