మాయను చదివే చేతులు

బిడ్డ దక్కకపోతే ఇంట్లో విచారణంతా తల్లి మీదే. బొప్పాయి తిన్నావా, బరువెత్తావా, గ్రహణం పూట బయటికొచ్చావా? ఆస్పత్రిలోనేమో అసలు సాక్ష్యమైన మాయ (ప్లాసెంటా) చాలాసార్లు చెత్త వేసే పసుపు సంచిలో పడి వెళ్లిపోతుంది. అది పెథాలజిస్టు బల్ల మీదికి చేరిందంటే, పంపిన డాక్టరుకీ ఒక దండం పెట్టాలి.

బొడ్డుతాడు పొడవెంత, మెలికలెన్ని, ముడి పడిందా, మాయకు నడిమధ్యన అతుక్కుందా అంచునా అన్నీ చూస్తారు. తాడూ పొరలూ కత్తిరించేసి మాయను తూకం వేస్తారు. నెలలు నిండితే సుమారు అర కిలో. తర్వాత బ్రెడ్డులా సెంటీమీటరు మందాన కోసి, ప్రతి ముక్కనీ వేళ్లతో తడుముతారు. మెత్తటి కండలో గట్టిగా, పాలిపోయి తగిలిందంటే అక్కడ రక్తం అందక చచ్చుబడి ఉండొచ్చు. కంటికి బాగున్న చోటునీ వదలరు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కుదుర్చుకున్న పద్ధతి ప్రకారం మైక్రోస్కోపు పరీక్షకు కనీసం నాలుగు బ్లాకుల ముక్కలు తీయాలి.

మైక్రోస్కోపు కింద దొరికేవాటిలో కొన్ని మళ్లీ వచ్చే రకం. తల్లి తెల్లకణాలు మాయలో గుమిగూడే క్రానిక్ హిస్టియోసైటిక్ ఇంటర్‌విల్లోసైటిస్ అలాంటిదే. ఆ మాట రిపోర్టులో ఉంటే మరో గర్భానికి ముందే డాక్టరుతో కూర్చోవాలి. కారణం తేలని రిపోర్టులూ ఉంటాయి. ఏదో ఒక పేరు అంటించకుండా ‘తేలలేదు’ అని రాసి సంతకం పెట్టేవాళ్లంటే నాకు మరీ గురి.